ఎండినా ఆరని గుడ్డలు

శ్రావణం వచ్చిందంటే మా బరంపురంలో ఇంటింటా ఒకటే గోల: డ్రయ్యర్ సరిగ్గా పనిచెయ్యడం లేదు, బట్టలు ఆరి చావడం లేదు. సెమీ ఆటోమేటిక్ మెషిన్‌లో పక్కనుండే ఆ చిన్న తొట్టె మీద జనానికి నమ్మకం బొత్తిగా తక్కువ. మోటారు పోయిందంటారు, కంపెనీయే మంచిది కాదంటారు. నేను మెకానిక్‌ని కాను. కానీ చుట్టాలింటికి వెళ్తే కాఫీ రాకముందే ఆ తొట్టె సంగతి చూసే జబ్బు ఒకటుంది నాకు.

ముందు చెవితో వినాలి. గుంయ్‌మంటూ కదలకపోతే కెపాసిటర్ నీరసించి ఉండొచ్చు, లేదా బ్రేకు తీగ వదలక పట్టేసి ఉండొచ్చు. సాయంత్రం వోల్టేజీ పడిపోయే వీధుల్లో నీలుగుతూ తిరిగే యంత్రమే పొద్దున్న చక్కగా తిరుగుతుంది. దడదడ కొట్టుకుంటోందంటే దుప్పటి ఒక పక్కకి చేరిందన్నమాట. తీసి సమంగా సర్ది, పైన ప్లాస్టిక్ మూత పెట్టి నొక్కాలి. (ఆ లోపలి మూత చాలా ఇళ్లలో కొన్న వారానికే మాయమవుతుంది. ఎక్కడికి పోతుందో!) ఇక, తిరుగుతున్నా బట్టలు బరువుగానే వస్తుంటే వెనక్కి వెళ్లి నీళ్లు పోయే గొట్టాన్ని చూడాలి. అది మడతపడినా, పైకి ఎత్తి కట్టినా, లోపల పీచు పేరుకున్నా, పిండిన నీళ్లు బయటికి పోలేక తొట్టె అడుగునే నిలిచి తిరుగుడును లాగి పట్టుకుంటాయి. ప్లగ్గు పీకకుండా మాత్రం వెనక తలుపు విప్పకండి. కెపాసిటర్‌ని, ప్లగ్గు పీకాక కూడా, తెలిసినవాళ్లకే వదిలెయ్యండి.

ఈ పిండుడు మీద నాకింత పట్టింపెందుకంటే, లెక్క అలాంటిది. లీటరు నీటిని ఆవిరి చెయ్యాలంటే సుమారు 2,400 కిలోజౌళ్లు కావాలి. కరెంటు లెక్కలో అది యూనిట్‌లో మూడింట రెండు వంతులు. 150 వాట్ల మోటారు 5 నిమిషాలు తిరిగితే అయ్యే ఖర్చు యూనిట్‌లో 80వ వంతు. తొట్టె వదిలేసిన ప్రతి లీటరూ ఎండే భరించాలి. ఎండ లేనినాడు ఎవరు భరిస్తారు?

అమెరికాలో ఉన్న మన పిల్లల ఇళ్లలో వేడిగాలి డ్రయ్యర్లుంటాయి. అక్కడా అసలు తగాదా వేడితో కాదు, తేమగాలి బయటికి పోయే దారితోనే. జల్లెడలో నూగు, గోడలోంచి పోయే గొట్టంలో నూగు. శుభ్రం చెయ్యకపోవడమే ఆ దేశంలో డ్రయ్యర్లు అంటుకోవడానికి మొదటి కారణమని అక్కడి అగ్నిమాపక శాఖ లెక్క. జల్లెడ మీద నీళ్లు పోస్తే జారకుండా నిలబడితే, సబ్బుతో తోమాల్సిన వేళయిందని గుర్తు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఆరని బట్టలుంటాయి. ఆ ముడి నాకు విడింది పొడంపేటలో.

ఋషికుల్య సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లోని తెలుగు మత్స్యకారుల ఊరది. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరంగా బయటివాళ్లకు తెలుసు. పాత ఊరిని సముద్రం కొంచెం కొంచెంగా తినేసింది. జనం లోపలికి, కొత్త కాలనీకి వచ్చేశారు. అక్కడొక పెద్దావిడ దండెం మీది లుంగీని ముట్టి చూసి, దాని అంచు నాలికకి తాకించి, కోడలి మీద కేకలేసింది. అదేమిటని అడిగితే, "ఉప్పునీల్ల గుడ్డ ఎండుద్ది గానీ ఆరదు బావూ. రేతిరికి మల్లీ సెమరేస్తాది" అంది.

ఆమె నాలిక చెప్పింది రసాయన శాస్త్రం ఒప్పుకునే మాటే. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు. అరలీటరు పీల్చిన లుంగీ అలాగే ఎండితే దాదాపు 17 గ్రాములు నేతలోనే ఉండిపోతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పే నీళ్లు తాగి కరగడం మొదలెడుతుంది. సముద్రపు ఉప్పులో కలిసుండే మెగ్నీషియం క్లోరైడ్ ఇంకా దాహం గలది, దానికి 33 శాతం చాలు. మన తీరాన వానాకాలంలో అంత తేమ లేని పూట ఏది? ఇదే జిల్లాలో హుమ్మ ఉప్పుమళ్లు ఉన్నాయి. ఉప్పు పేరుకున్నాక మిగిలే చేదునీటిని మడి నుంచి తీసెయ్యడం ఉప్పు పండించే పనిలో భాగం. మెగ్నీషియం ఎక్కువగా పోయేది ఆ నీటితోనే. పోనిస్తేనే ఉప్పు పొడిగా నిలుస్తుంది. వేటకెళ్లొచ్చిన లుంగీకి ఆ పని ఎవరూ చెయ్యరు కదా, ఉప్పూ చేదూ అన్నీ దానిలోనే.

ఆవిడ పద్ధతి చూడండి. వేట బట్టని మంచినీళ్లలో ముంచే ముందే ఇద్దరు చెరో కొసా పట్టుకుని మెలిపెట్టి పిండుతారు. తర్వాత జాడిస్తారు. మళ్లీ పిండి, మళ్లీ జాడిస్తారు. పిండకుండా జాడిస్తే బట్టలోని ఉప్పునీరంతా బకెట్లో కలిసి, ఆ బకెట్టే ఉప్పనవుతుంది. పిండి జాడిస్తే కొద్ది నీళ్లతోనే ఉప్పు వదులుతుంది. మంచినీళ్లు మోసుకొచ్చుకునే చేతులకి తెలిసిన పొదుపిది. మెషినున్న ఇంట్లో తొట్టెకి అసలు ఉపయోగం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. అందరం చివర్లో ఒక్కసారి తిప్పుతాం. ప్రతి జాడింపుకీ ముందు తిప్పాలి.

ఇప్పుడు గోపాల్‌పూర్ వైపు నుంచి ఎవరైనా డ్రయ్యర్ గురించి ఫోన్ చేస్తే, మీ బోరు నీళ్లు ఉప్పనా అని మొదట అడుగుతున్నాను. అవునంటే, చివరి జాడింపుకైనా కుళాయి నీళ్లు వాడమంటాను. అప్పటికీ తొట్టె తిరగనంటే, మూత కింది స్విచ్ విప్పించి చూపించమంటాను. ఆ సముద్రపు గాలికి దాని కాంటాక్టులు తుప్పు పట్టి ఉండొచ్చు. మోటారు మార్చడం కంటే ఆ స్విచ్ మార్చడం చాలా చవక.