ఉప్పుటేరు పూడినప్పుడు

బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లు, డ్రెయిన్లు ఎంత నీటిని తెచ్చి పోసినా కొల్లేటి సరస్సు నుంచి సముద్రానికి ఉన్న సహజమైన దారి ఉప్పుటేరు ఒక్కటే కాబట్టి, అందులో పూడిక పేరుకుంటే ఎగువన ఊళ్లూ చేలూ మునుగుతాయి. ఆ మునకను చూసి సరస్సులో నీరు చాలదని ఎవరూ అనరు. అదే తీరులో తెలివి నిండుగా ఉన్న విద్యార్థి పని పూర్తికాకుండా నిలిచిపోయినప్పుడు మాత్రం దారిలోని పూడికను వెతకకుండా, బద్ధకమనో నిర్లక్ష్యమనో పేరు పెట్టడం విద్యారంగంలో పాతుకుపోయిన అన్యాయం.

తెలిసినదాన్ని వేళకు, వరుసగా, చివరిదాకా పనిగా మలిచే మానసిక శక్తులను కార్యనిర్వాహక సామర్థ్యాలు అంటారు. 2000లో అకీరా మియాకే బృందం ప్రచురించిన పరిశోధన వీటిలో మూడింటిని వేరుచేసి చూపింది: చేస్తున్న పనికి కావలసిన సమాచారాన్ని మనసులో నిలుపుకుంటూ ఎప్పటికప్పుడు మార్చుకోవడం, తొందరపాటును అదుపులో పెట్టుకోవడం, ఒక పద్ధతి నుంచి మరో పద్ధతికి మళ్లగలగడం. వీటికి ప్రధాన ఆధారమైన నుదుటి వెనుక మెదడు భాగం ఇరవైల నడిమి వయసు వరకు ఎదుగుతూనే ఉంటుంది గనుక, పదహారేళ్ల వయసులో గ్రహణశక్తి, నిర్వహణశక్తి సమానంగా ఉంటాయని ఆశించడం సరికాదు.

రెసిడెన్షియల్ ఇంటర్మీడియట్ చదువులో ఈ నిర్వహణ లోపం తరచూ బయటపడదు. ఎప్పుడు లేవాలో, ఏ పుస్తకం తీయాలో, ఎప్పుడు పడుకోవాలో గంట, వార్డెన్, స్టడీ అవర్ నిర్ణయిస్తుండగా, విద్యార్థి మనసు చేయవలసిన నిర్వహణను సంస్థే మోస్తుంది. 2015లో తాడేపల్లిగూడెంలో ఏర్పడిన నిట్ వంటి చోటికి చేరాక ఆ గంట ఉండదు. ల్యాబ్ రికార్డు, అసైన్‌మెంటు, నెలల తర్వాత రాబోయే పరీక్ష, వీటన్నిటికీ వేళలు ఎవరికి వారే కుదుర్చుకోవాలి. అప్పటివరకు ముందు వరుసలో నిలిచిన విద్యార్థికి తొలి బ్యాక్‌లాగ్ వస్తే అది తెలివి తగ్గడం కాదు, బయటి ఆసరా తొలగడం కావచ్చు.

గుర్తించే నేర్పు అంతా వ్యత్యాసాన్ని గమనించడంలోనే ఉంది. నోటితో అడిగితే సూత్రం ఎలా వచ్చిందో వివరించే విద్యార్థి కాగితంపై స్టెప్పులు వదిలేయడం, కఠినమైన లెక్క చేసి సులువైన రికార్డు రాయలేకపోవడం, పూర్తిచేసిన పనిని ఇవ్వడం మరచిపోవడం, గంట పట్టే పనికి పది నిమిషాలు చాలని నమ్మడం, పక్కన ఎవరైనా కూర్చుంటే మాత్రం సాఫీగా సాగిపోవడం: ఇవి పదేపదే కనిపిస్తే ఆలోచించాలి. అల్లరి చేయకుండా రాత్రంతా మేలుకొని లోటు పూడ్చుకునే ఆడపిల్లల విషయంలో ఈ జాడలు ఇంకా సులువుగా దాటిపోతాయి.

అయితే గమనించడం వేరు, నిర్ధారించడం వేరు. నిద్రలేమి, చూపు లోపం, దిగులు, ఆందోళన కూడా ఇలాంటి లక్షణాలనే చూపుతాయి. ఏడీహెచ్‌డీ, అంటే అవధాన లోపం, అతి చురుకుదనంతో కూడిన స్థితి అని చెప్పాలంటే కొన్ని లక్షణాలు పన్నెండేళ్లలోపే ఉండాలని ప్రమాణాలు చెబుతాయి కాబట్టి, బాల్య వృత్తాంతాన్ని తల్లిదండ్రులను అడిగి తెలుసుకునే నిపుణుడే ఆ మాట అనాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను గుర్తించినా ఏడీహెచ్‌డీని విడిగా పేర్కొనలేదు గనుక, ఇలాంటి విద్యార్థికి ఉపాధ్యాయుడి చూపే తొలి రక్షణ.

సాయం పేరుతో పాఠాన్ని తేలిక చేస్తే తెలివి ఆకలితో మాడుతుంది. పాఠం బరువును అలాగే ఉంచి, పనిని ముక్కలుగా విడదీసి, ప్రతి ముక్కకూ గడువు రాసిచ్చి, ఆ రాసుకునే పనిని కొద్దికొద్దిగా విద్యార్థి చేతికే అప్పగించాలి. ఇందుకు తొలి మెట్టు మార్కుల రిజిస్టరులో సున్నా పక్కనే మరొక్క మాట రాయడం: అడిగితే చెప్పింది, రాసి ఇవ్వలేదు. ఆ రెండింటి మధ్య దూరమే పూడిక ఎక్కడుందో చూపుతుంది.