పూతకు ముందే కొడవలి

తాండూరు దగ్గరి మా కరణ్‌కోట నల్లరేగడిలో కంది పండించువానిని, ఏమి ఎరువు వేసితివని అడిగినచో, "రాలిన ఆకే ఎరువు సారూ" అని నవ్వి ఊరకుండును. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు పప్పు రుచిని గూర్చియు, అది త్వరగా ఉడుకుటను గూర్చియు అందరును మాటాడిరి గాని, ఆకును తలచినవారు నాకు కనబడలేదు.

వేరు సంగతి ఇంకను విస్మృతము. వాన వెలిసి నేల మెత్తబడిన దినమున లేత మొక్కను మట్టిగడ్డతో సహా పెకలించి నీట కడిగినచో, పిల్లవేళ్లను అంటిపెట్టుకొని ఆవగింజలంతేసి బుడిపెలు కనబడును. గోట చిదిమితిమా, లోపల లేత ఎరుపు. మన నెత్తుటికి రంగునిచ్చు పదార్థమునకు దాయాది వంటిదే ఈ ఎరుపునకును కారణము. ఆ బుడిపెలలో కాపురమున్న సూక్ష్మజీవులే గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించుచున్నవని 1886లో జర్మను శాస్త్రజ్ఞుడు హెల్‌రీగెల్ చాటువరకు పండితులు వాదులాడుకొనుచునే యుండిరి. జొన్న వేసిన చేనిలో మరుసటేడు కంది వేయు మా తాతలు మాత్రము ఆ వాదము తేలువరకు ఆగలేదు.

ఈ బుడిపెలనే మనసున నుంచుకొని పాడేరు మన్యమునకు పోయితిని. సిల్వర్ ఓక్ మ్రాకులు, వానిపై ఎగబ్రాకిన మిరియపు తీగలు, క్రింద కాఫీ: ముదిరిన తోటలో రాలిన ఆకే నేలకు దుప్పటి. అచ్చట ఇట్టి బుడిపెల పైరే యైన అలసందను చల్లుట వృథాశ్రమ, ఎండ తగులని చోట అది పాలిపోవును. కాని నీడ ఇంకను క్రమ్ముకొనని క్రొత్త నాటులో, వాలు మీద, వరుసల నడుమ వానకు ఎర్రమట్టి కొట్టుకొనిపోవు చోట, అలసందయో ఉలవయో జనుమో పరచుకొనవలసినదే. ఐతే కాఫీ పాదు చుట్టు ఖాళీ విడువవలెను, లేకున్న తీగ లేతమొక్కనెక్కి కూర్చుండును. వానలు వెనుకపట్టకముందే కోసి పరవవలెను, లేకున్న వేసవిలో నేలలోని తడికై కాఫీతోనే పోటీపడును.

అన్నిటికంటె నాకు కష్టముగా తోచినది కోత వేళ. కాయ పట్టినచో నత్రజని గింజలోనికి పోవును గనుక పూత తొడుగు వేళకే కోసి నేలకు పెట్టవలెనట. కాయకై ఆరేడు నెలలు కాచుకొను ఊరివాడను! తోటయజమానురాలు కొడవలి చేతికిచ్చి, "కొయ్యండి బాబూ, ఏం చూస్తన్నారు" అన్నది. మొదటి పిడికిలి కోసితిని గాని, ఊదాపూత వచ్చిన రెండు తీగలను గట్టుప్రక్కన ఆమె చూడకుండ విడిచిపెట్టితిని.