ఐసు పెట్టె వైద్యం

ఇప్పుడు శ్రీ విజయపురంగా పిలుస్తున్న పోర్ట్ బ్లెయిర్‌లో, జంగ్లీఘాట్ వైపు వెళితే తెలుగు వినబడుతుంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి స్థిరపడ్డ మత్స్యకార కుటుంబాల మాట అది. వాళ్ల వేటను కాపాడేది ఐసు. ఐసును కాపాడేది ఫైబర్ పెట్టె గోడల మధ్య దాగిన పాలీయురేథేన్ నురగ, అదే పఫ్.

పాత పెట్టె బాగుచేసే పనివాడి నేర్పు చూడాలి. ముందు గోడను తట్టి చప్పుడు వింటాడు. నీళ్లు తాగిన నురగ వేడిని ఆపలేదు కనుక తడిసిన మేరకు కోసి పారేస్తాడు, లోపలంతా ఆరనిస్తాడు. ఆపైన పాలియాల్, ఐసోసైనేట్ అనే రెండు ద్రవాలను కొలిచి కలిపి గబగబా పోస్తాడు. చూస్తుండగానే పాలపొంగులా లేచి బిగుసుకుంటుంది. ఎక్కువైతే గోడ ఉబ్బుతుంది, తక్కువైతే మూల బోలుగా మిగులుతుంది. ఆ లెక్క చేతికి తెలియాలి. ఐసోసైనేట్ ఆవిరి ఊపిరితిత్తులకు చేటు. మాస్కు లేకుండా ఈ పని చేయించేవాళ్లంటే నాకు ఒళ్లుమంట.

1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం కనిపెట్టిన ఈ పాలీయురేథేనే మన పరుపుల్లో, చెప్పుల అడుగుల్లో, ఫ్రిజ్ తలుపుల్లో ఉంది. నా ఓటు మాత్రం ఐసు పెట్టెకే. ట్యూనా పట్టిన వెంటనే చల్లబడకపోతే అందులో ఒంటికి చేటుచేసే హిస్టమిన్ పుడుతుంది. కూర ఎంత ఉడికించినా అది పోదు.