విప్పడం కంటే ముందు వెక్కిరింత

బర్లెస్క్ అనగానే ఈకల విసనకర్రల చాటున ఒక్కొక్క దుస్తూ తీసేసే నర్తకి చాలామందికి గుర్తొస్తుంది. ఆ దృశ్యం ఈ కళ చరిత్రలో బాగా ఆలస్యంగా వచ్చిన అంకం. మాట పుట్టిందే ఇటాలియన్‌లో ఎగతాళి అనే అర్థమున్న ‘బుర్లా’ నుంచి. గొప్పవాళ్ల గాంభీర్యాన్ని చిల్లర మనుషులకు తొడిగి చూపించడం దాని అసలు పని. 1728లో లండన్‌లో జాన్ గే ‘ది బెగ్గర్స్ ఆపెరా’లో చేసిందదే. ఇటాలియన్ ఆపెరాలో రాజులూ వీరులూ పాడే చోట దొంగలనూ జేబుకత్తెరగాళ్లనూ నిలబెట్టి, జనం నోళ్లలో నానుతున్న వరుసలకు కొత్త మాటలు కట్టాడు. 1831లో మేడమ్ వెస్ట్రిస్ నడిపిన ఒలింపిక్ థియేటర్ కోసం నాటకకర్త ప్లాంచే రాసిన ‘ఒలింపిక్ రెవెల్స్’లో గ్రీకు దేవతలు పేకాడతారు. అలాగని వాళ్లకు కోతి వేషాలు వేయలేదాయన. అచ్చమైన గ్రీకు దుస్తులే శ్రద్ధగా కట్టించాడు. అంత నిండైన ఆహార్యంలోంచి చవకబారు ప్రాసలు ఊడిపడుతుంటే నవ్వు రెట్టింపవుతుంది. నా దృష్టిలో బర్లెస్క్ శిల్పమంతా ఇక్కడే ఉంది: కన్ను ఒకటి ఆశిస్తే చెవికి ఇంకొకటి అందుతుంది.

1868లో నటి లిడియా థాంప్సన్ తన ఇంగ్లీషు బర్లెస్క్ బృందంతో న్యూయార్క్‌లో దిగి ‘ఇక్సియాన్’ ఆడింది. రాజు ఇక్సియాన్ వేషం ఆమెదే. విమర్శకులు మండిపడ్డారు. కాళ్లు కనిపించినందుకే ఆ గొడవంతా అంటారు గానీ, ఆ కారణం చాలదు. 1866లోనే అదే నగరంలో ‘ది బ్లాక్ క్రూక్’ అనే ప్రదర్శనలో నర్తకులు బిగుతు మేజోళ్లతో నెలల తరబడి ఆడారు. వాళ్లు నోరు విప్పకుండా నాట్యం చేశారు. థాంప్సన్ బృందం మగవాళ్ల ఠీవితో నడిచింది, శ్లేషలు విసిరింది, ఆనాటి సంగతుల మీద ఛలోక్తులు వేసింది. 1869లో రచయిత విలియం డీన్ హోవెల్స్ ఈ బర్లెస్క్ గురించి రాసిన వ్యాసంలో కూడా ఆయన్ని కలవరపెట్టినది నగ్నత్వం కన్నా ఆడా మగా రెండింటినీ వెక్కిరించే ఆ రూపమే.

20వ శతాబ్దంలో హాస్యం వట్టి సాకుగా మిగిలిపోయింది కదా అని అడగవచ్చు. కొంత నిజమే. సినిమాతో పోటీలో యజమానులు స్ట్రిప్‌టీజ్‌ను ముందుకు తోశారు. 1937లో న్యూయార్క్ అధికారులు లైసెన్సులు నిరాకరించి ఈ థియేటర్లను మూయించారు. కానీ అబాట్, కాస్టెల్లో అనే హాస్యనటుల జంట మాటల గారడీకి పదును పెట్టుకున్నదీ ఆ వేదికల మీదే. స్ట్రిప్‌టీజ్ తార జిప్సీ రోజ్ లీ తీసింది తక్కువ, మాట్లాడింది ఎక్కువ. చేతి తొడుగు ఒక్కటి లాగడానికి ఆమె చేసే జాగూ, చివరి మాటకు ముందు హాస్యనటుడు బిగబట్టే క్షణమూ ఒకే విద్య.

1990ల్లో న్యూయార్క్, లాస్ ఏంజెలెస్‌లలో తలెత్తిన కొత్త బర్లెస్క్‌లో పాటా, దుస్తులూ, కథా చాలావరకు కళాకారిణే కల్పించుకుంటుంది. సన్నగా ఉండాలన్న నియమమూ లేదు. 2004లో బర్లెస్క్ పోటీలో మిస్ ఎగ్జాటిక్ వరల్డ్ కిరీటం గెలిచిన డర్టీ మార్టిని బొద్దుగా ఉండే మనిషి. ఇష్టపడి చేసినా అది శరీర ప్రదర్శనే కదా అన్నది గట్టి అభ్యంతరం. తళుకుల కోసమే తళుకులు పరిచే ప్రదర్శనలకు ఆ మాట తగులుతుంది, వాటిని నేను వెనకేసుకురాను. వెక్కిరింత బతికున్న చోట మాత్రం తగలదు. మార్లిన్ మన్రోను అనుకరించి పేరు పొందిన డిక్సీ ఎవాన్స్, కాలిఫోర్నియా ఎడారిలో ఒకప్పటి మేకల ఫారంలో ఈ కళకు మ్యూజియం నడిపింది. అది తర్వాత లాస్ వేగస్‌కు చేరింది. అక్కడి వార్షిక వేడుకలో 70, 80 ఏళ్ల పాత తారలు వేదికెక్కుతారు. యౌవనమే ఈ కళకు సర్వస్వమైతే ఆ రాత్రి హాలు ఖాళీగా ఉండాలి. జనం వస్తారు, ఒక తొడుగు ఎంతసేపట్లో ఊడాలో ఆ పెద్దవాళ్ల చేతుల్లో చూడటానికి.