అక్షరాకృతియు పాఠప్రామాణ్యమును
(ఆర్మూరు పదములు ఆధారముగా ఒక పరిశీలనము)

పాఠపరిష్కరణమును గూర్చి వ్రాసిన మన పండితులు తాళపత్రప్రతులందలి లేఖకదోషములను విశేషముగా చర్చించినారు. అచ్చుకూటములు వెలసిన పిమ్మట కలిగిన ముద్రణదోషములను గూర్చియు కొంత విచారణ జరిగినది. కాని నేడు గ్రంథము కవి నుండి చదువరికి చేరులోపల మూడవ లేఖకుడొకడు ఏర్పడినాడు. అతడు కంప్యూటరునందు నిలిచి అక్షరములకు రూపము కల్పించు ఫాంటు. ఇతని పనితనమును సాహిత్యవిమర్శకులు ఇంతవరకు తమ పరిశీలనమునకు తగినదిగా ఎంచినట్లు కనబడదు. అక్షరరూపము అంగడిలో దొరకు వస్త్రము వంటిదనియు, పాఠమునకు దానితో నిమిత్తము లేదనియు సామాన్యాభిప్రాయము. ఈ అభిప్రాయము రోమను లిపి విషయమున కొంతవరకు చెల్లవచ్చును. తెలుగున చెల్లదని చూపుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

సిద్ధాంతమును గాలిలో నిలుపక ఒక ఊరి పదములను ఆధారముగా గైకొందుము. ఆర్మూరు నిజామాబాదు జిల్లాలో 44వ, 63వ జాతీయ రహదారులు కలియు పట్టణము. పసుపు పంటకును వ్యాపారమునకును పేరొందినది. నవనాథసిద్ధుల గుట్టను బట్టి, ఆరును మూడును కలిసి తొమ్మిదియగుటచే ఆర్మూరైనదని స్థలజనశ్రుతి. ఇక్కడి రైతునకు నిత్యపరిచితములైన మూడు మాటలను మేము తీసికొనుచున్నాము: ఊరి పేరైన ‘ఆర్మూరు’, సరకు పేరైన ‘పసుపు కొమ్ము’, మార్కెట్టులో తూకము, ధర వ్రాసియిచ్చు చీటియైన ‘తక్‌పట్టీ’. ఈ మూడును సరిగా చిత్రింపలేని ఫాంటు ఎంత అందమైనదైనను పరిశోధనకు పనికిరాదు.

ముందుగా సంకేతమునకును రూపమునకును గల భేదమును తెలిసికొనవలెను. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పునందే తెలుగునకు స్థానము లభించినది. దానిలో ప్రతి వర్ణమునకును, ప్రతి గుణింతపు గుర్తునకును ఒక సంఖ్య కలదు. ‘ఆర్మూరు’ అనునపుడు కంప్యూటరునందు నిలుచునవి ఏడు సంఖ్యలు: ఆ, ర, పొల్లు, మ, ఊత్వము, ర, ఉత్వము. కాగితముపై కనబడునవి మూడక్షరములు. ఏడింటిని మూడుగా కూర్చు విధానములో కొంత రూపకల్పన చేయు సాఫ్ట్‌వేరునందును, మిగిలినది ఫాంటునందును ఉండును. ఏ హల్లునకు ఏ ఒత్తు, ఏ గుణింతము ఎచ్చట అంటుకొనును, రెండు ఒత్తులు పడినప్పుడు ఏది క్రిందికి జరుగును అను నియమములన్నియు ఓపెన్‌టైప్ పట్టికల రూపమున ఫాంటులోనే నిక్షిప్తములై యుండును. కావున తెలుగు ఫాంటు వర్ణచిత్రముల సంపుటి మాత్రము కాదు. లిపికి వ్యాకరణము కూడ. వస్త్రమను ఉపమానము ఇచటనే చెడుచున్నది.

‘ర్మూ’ అను అక్షరమును చూడుడు. ఉచ్చారణమున ఊకారము మకారమునకు చెందినది. వ్రాతలో ఊత్వము రేఫపై నిలిచి, మకారము ఒత్తై క్రిందికి దిగుచున్నది. పాతకాలపు అచ్చుపుస్తకములందు ఇట్లు గాక రేఫమును వలపలగిలకగా మార్చి, మకారమునకు గుణింతము కూర్చి, దాని కుడివైపున ఆ గిలకను నిలిపెడివారు. అపుడు చెవికి వినబడు క్రమమును కంటికి కనబడు క్రమమును మరింత దగ్గరగా నుండెడివి. ఈ రెండును ఒకే మాట. కాని ఒకే ప్రతి కాదు. పాతప్రతిని యథాతథముగా చూపదలచిన పరిష్కర్త ర, పొల్లులకు తరువాత కంటికి కనబడని సంయోజకసంకేతమును, అనగా జీరో విడ్త్ జాయినర్‌ను, చేర్చి వలపలగిలకను కోరవచ్చును. సాఫ్ట్‌వేరు ఆ కోరికను గ్రహించును. కాని ఫాంటులో గిలక చిత్రింపబడియుండనిచో ఆ కోరిక తీరదు. అంతట లేఖకులు వలపలగిలకను పోలియున్న తొమ్మిదవ అంకెను కుడిప్రక్కన చేర్చి తృప్తి చెందుట కలదు. కంటికది గిలకయే, కంప్యూటరునకు మాత్రము ఊరి పేరు నడుమ అంకె పడినట్లే. నవనాథుల ఊరి పేరున తొమ్మిది దాగియున్నదను జనశ్రుతికి ఇంతకంటె వికృతమైన సమర్థనము వేరొకటి యుండదు. ఆ ప్రతిలో ‘ఆర్మూరు’ అని వెదకిన విద్యార్థికి ఆ ఊరు ఎన్నటికిని దొరకదు.

ఆ జనశ్రుతినే పరీక్షింపదలచినచో మరియొక చిక్కు కలదు. ప్రాచీనభాషలో ఆరు శకటరేఫముతో ‘ఆఱు’. మూడు అరసున్నతో ‘మూఁడు’. పాతలేఖనములలో ఊరి పేరు శకటరేఫముతో నున్నదా, సాధురేఫముతో నున్నదా అనుట వ్యుత్పత్తి విచారణకు ముఖ్యసాక్ష్యము. ఈ వర్ణమును చక్కగా చూపని ఫాంటు చేతబట్టిన లేఖకుడు ‘ఱ’కు బదులు ‘ర’ వ్రాసినచో ఆ సాక్ష్యము మాసిపోవును. తాళపత్రమున చెదపురుగు చేసిన పనికిని దీనికిని ఫలమున భేదము లేదు.

ఇక ‘పసుపు కొమ్ము’. మన లిపిలో ఉత్వపు గుర్తునకును కొమ్మనియే పేరు. ఈ రెండు మాటలలో అట్టి కొమ్ములు మూడు: సు, పు, మ్ము. వీనిలో ‘పు’ యొక్క కొమ్ము తక్కినవాని వలె హల్లు కుడికొన నుండి లేవదు, క్రిందుగా ఆరంభించును. పకారవకారములకు ఈ ప్రత్యేకరూపము ఏల వచ్చెనన, సామాన్యమైన కొమ్మును వకారమునకు తగిలించినచో అది మకారమును పోలును. పకారమునకు తగిలించిన ఘకారభ్రాంతి కలుగును. మన పూర్వలేఖకులు సందేహనివారణకై చేసికొన్న ఏర్పాటిది. దీనిని పాటింపక, ఒకే కొమ్మును అన్ని హల్లులకును యాంత్రికముగా అతికించిన ఫాంటు శతాబ్దుల వివేకమును త్రోసిపుచ్చినదగును. ‘మ్ము’ నందు కొమ్మునకును క్రింది ఒత్తునకును తగినంత ఎడముండవలెను. వరుసకును వరుసకును నడుమ స్థలము చాలనిచో ఒత్తు క్రింది వరుసలోని తలకట్టును తాకును. ఆంగ్లమునకు సరిపడు వరుసయెడమును తెలుగునకును అట్లే నియమించుట వలన ఈ దోషము కలుగుచున్నది. ఇది ఫాంటు దోషము కాదు, అమర్చినవారి దోషము. విమర్శకుడు ఈ రెంటిని వేరుపరచి చెప్పవలెను.

‘తక్‌పట్టీ’ యందలి విషయము సూక్ష్మమైనది. ఉర్దూ మాటలతో కలిసి పెరిగిన తెలంగాణ వ్యవహారభాషలో పదమధ్యమున పొల్లు నిలుచుట సహజము. ‘క్’ తరువాత ‘ప’ వచ్చినచో యూనికోడ్ నియమము ననుసరించి రెండును సంయుక్తమై పకారము ఒత్తుగా మారును. అట్లు కాకుండుటకు నడుమ కనబడని వియోజకసంకేతము, అనగా జీరో విడ్త్ నాన్ జాయినర్, నిలువవలెను. దానిని వ్యర్థచిహ్నమని తొలగించు సాఫ్ట్‌వేరు ఆర్మూరు రైతు మాటను అతడెరుగని మాటగా మార్చుచున్నది. ఈ అదృశ్యసంకేతపు ప్రభావమును లోకమంతయు ఒకమారు చూచినది. 2018 ఫిబ్రవరిలో జ్ఞకారమునకును దీర్ఘమునకును నడుమ ఈ వియోజకము చేరిన ఒక తెలుగు అక్షరమును చూపబోయి ఆపిల్ సంస్థ వారి ఐఫోనులలో పలు అనువర్తనములు స్తంభించినవి. ఆ నెల 19న విడుదలయైన ఐఓఎస్ 11.2.6 కూర్పుతో ఆ దోషము సవరింపబడినది. నాటి వార్తలలో తెలుగక్షరమే యంత్రమును చెరచినట్లు వ్రాసినవారు కలరు. తప్పు అక్షరమునది కాదు. దానిని చిత్రించు సాఫ్ట్‌వేరుది.

గతమును చూతము. యూనికోడ్ వ్యాప్తికి పూర్వము మన పత్రికలును ముద్రణాలయములును అను మొదలగు ఫాంటులను వాడినవి. వానిలో రోమను అక్షరముల సంఖ్యాస్థానములందు తెలుగు అక్షరఖండములు నిలుపబడినవి. తలకట్టొక స్థానమున, ఒత్తొక స్థానమున నుండును. అచ్చునకు అవి చేసిన ఉపకారము తక్కువది కాదు. వాని రూపసౌష్ఠవమును నేటికిని మెచ్చువారు కలరు. కాని ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఆ ఫైలు తెరచినచో కనబడునది అర్థరహితమైన రోమనక్షరరాశి. అట్టి ఫైలులో పాఠము లేదు, పాఠమును చిత్రించు సూచనలు మాత్రమే కలవు. విశ్వవిద్యాలయములలో ఆ విధమున కూర్పబడిన సిద్ధాంతగ్రంథములు మూలఫైలు రూపమున నిరుపయోగములగు ప్రమాదమున్నది. యూనికోడ్‌లోనికి మార్చు సాధనములు కలవు. వానిని వాడినను ప్రతి పుటను మానవుడు చదివి దిద్దవలసినదే.

యూనికోడ్ ఫాంటులలో తిరుమల కృష్ణదేశికాచారి గారి పోతన, వేమన ఫాంటులకు గౌరవస్థానము చెల్లవలెను. పిమ్మట సిలికానాంధ్ర సంస్థ పెద్దన, సూరన్న, తిమ్మన, ధూర్జటి, గిడుగు, సురవరం మొదలగు పేర్లతో స్వేచ్ఛానుమతి గల ఫాంటులను 2013 ప్రాంతమున వెలువరించినది. తెలుగునకు ఇన్ని ఆకృతులు ఉచితముగా లభించుట సామాన్యవిషయము కాదు. అయినను కవి పేరు పెట్టినంతమాత్రమున ఫాంటు ఆ కవి కావ్యమును అచ్చువేయుటకు సమర్థమగునని తలపరాదు. పెద్దన పేరు గల ఫాంటు మనుచరిత్రమునకు తగునా అనునది అరసున్న, శకటరేఫము, ద్విరుక్తత్రిరుక్తములు, అవగ్రహము మున్నగువానిని పరీక్షించి నిర్ణయింపవలసిన విషయము. పైగా యూనికోడ్ నిలుకడ చెందినది కాదు. దంత్యములైన ౘ, ౙ లు 2008లో చేరినవి. నకారపొల్లునకు ప్రత్యేకసంకేతము 2021లో మాత్రమే లభించినది. 2013లో నిర్మింపబడిన ఫాంటు తరువాత సవరింపబడిననే తప్ప ఆ నకారపొల్లును ఎరుగజాలదు. కావున ఫాంటు పేరుతోపాటు దాని కూర్పుసంఖ్యను గూడ పీఠికలో తెలుపుట పరిష్కర్తకు విధి.

ఫాంటును చేర్చుకొను విధానమునందును జాగ్రత్త యవసరము. ఫాంటు లేనప్పుడు సాఫ్ట్‌వేరు ఆ విషయము ప్రకటింపక వేరొకదానిని ప్రత్యామ్నాయముగా గైకొనుట పరిపాటి. ఒక్క వర్ణము లోపించినను ఆ వర్ణము మాత్రమే పరాయి ఫాంటు నుండి వచ్చి, పద్యపాదము నడుమ అతుకువలె నిలుచును. లేదా ఖాళీ గడి కనబడును. లిబ్రెఆఫీసు, వర్డు వంటివానిలో రోమను లిపికొక ఫాంటు, సంక్లిష్టలిపులకు వేరొక ఫాంటు నియమింపబడును. తెలుగు రెండవ వర్గమునకు చెందినది. మొదటిదానిని మార్చి తెలుగు మారలేదని చింతించుట వృథా. 2004లో జోనథన్ క్యూ రూపొందించిన జీటెక్ నందు ఫాంటును పేర్కొనుటతో చాలదు, లిపి తెలుగని గూడ చెప్పవలెను. చెప్పనిచో ఒత్తులు కూడక హల్లులు పొల్లులతో విడివిడిగా పడును. ఫైలును ఇతరులకు పంపునపుడు ఫాంటును దానిలో పొదుగవలెను. పీడీఎఫ్ నందు పొదిగినను కార్యము ముగియలేదు. చూపునకు నిర్దుష్టముగా నున్న పుట నుండి ‘ఆర్మూరు’ను నకలు తీసికొన్నచో వర్ణక్రమము తారుమారగుట కలదు. ఏలనన ఆ ఫైలు చిత్రములను భద్రపరచినది, సంకేతక్రమమును భద్రపరచలేదు. మూలమైన యూనికోడ్ ఫైలును పీడీఎఫ్‌తోపాటు గ్రంథాలయమునకు సమర్పించుటయే దీనికి తగిన విరుగుడు.

ఇచట ఒక ఆక్షేపము రావచ్చును. నిజాము పాలన చివరిదినములలో దాశరథి కృష్ణమాచార్యులు నిజామాబాదు కారాగారపు గోడపై బొగ్గుతో పద్యములు వ్రాసిరి. ఆ పద్యములకు ఫాంటేది? కవిత్వమునకు రూపము కొరత పడెనా? ఆక్షేపము బలమైనదే. కవిత్వము అక్షరాకృతికి అతీతమని మేమును అంగీకరించుచున్నాము. కాని గోడపై వ్రాసిన చేతికి లిపి వ్యాకరణము తెలియును. బొగ్గు రూపమును మార్చగలదు, ఒత్తును తప్పు హల్లునకు తగిలింపదు. కంప్యూటరునకు ఆ జ్ఞానము స్వతస్సిద్ధము కాదు. ఫాంటును సాఫ్ట్‌వేరును కలిసి దానికి ఇయ్యవలెను. చేతివ్రాతలో వ్రాయువానియందున్న వివేకము ఇచట యంత్రభాగములకు అప్పగింపబడినది. అప్పగించినవాడు పరీక్షింపవలదా?

కావున మా నిర్ణయమిది. పాఠము సంకేతక్రమమునందు నిలుచును. ఆకృతి దానిని చదువరికి అప్పగించు సాక్షి. సాక్షిని విచారింపక తీర్పు చెప్పుట ఎట్లు కూడదో, ఫాంటును విచారింపక ప్రతిని ప్రమాణమనుటయు అట్లే కూడదు. మన శాఖలలో సిద్ధాంతగ్రంథములు సమర్పించు విద్యార్థులు మూలఫైలును, వాడిన ఫాంటును, దాని కూర్పుసంఖ్యను జతపరచు నియమము ఏర్పడవలెను. అధ్యాపకులు తమ శాఖకొక పరీక్షాపట్టిక సిద్ధపరచుకొనవలెను. అందు మహాకావ్యములలోని సంయుక్తాక్షరములతోపాటు ఊళ్ల పేర్లు, సరకుల పేర్లు, మార్కెట్టు చీటీల మాటలు కూడ ఉండవలెను. కావ్యభాషను మాత్రమే చూపగలిగి తక్‌పట్టీని చూపజాలని ఫాంటు తెలుగునకు సగమే ఉపకరించినదగును. పసుపును ఉడికించి, ఆరబెట్టి, మెరుగుపెట్టి గాని రైతు బజారునకు తేడు. పాఠమును ప్రకటించు మనకును అంతటి ఓపిక యుండవలెను.