తెగులు రాకముందే పైరును మేల్కొలిపే పద్ధతులు

పైర్లకు సోకే తెగుళ్లలో ఎక్కువ భాగం శిలీంధ్రాల వల్ల వచ్చేవే. వరిలో అగ్గి తెగులు, పాముపొడ తెగులు, వేరుశనగలో తిక్క ఆకుమచ్చ తెగులు, మిరపలో కొమ్మ ఎండు, కాయకుళ్లు, కందిలో ఎండు తెగులు, మామిడి పూతపైనా తీగజాతి కూరగాయల ఆకులపైనా తెల్లగా పరుచుకొనే బూడిద తెగులు, అన్నీ ఈ కోవకే చెందుతాయి. వీటిని అదుపు చేయడానికి రెండు మార్గాలున్నాయి. శిలీంధ్రాన్ని నేరుగా చంపే మందు చల్లడం మొదటిది. ఫ్రాన్స్ ద్రాక్షతోటల్లో మిలార్డే 1885లో వెలుగులోకి తెచ్చిన బోర్డో మిశ్రమం మొదలు నేటి అంతర్వాహిక మందుల వరకూ అన్నీ ఆ దారిలోవే. మొక్కకు పుట్టుకతో ఉన్న రక్షణశక్తిని తెగులు రాకముందే పెంచడం రెండోది. పాలు, పేడ, బూడిద, కషాయాలు, మట్టిలోని మేలుచేసే సూక్ష్మజీవులు ఈ రెండో దారికి సాధనాలు. వీటి విలువ, వీటి హద్దులు రెండూ తెలియాలంటే మొక్క తనను తాను ఎలా కాపాడుకుంటుందో ముందుగా తెలియాలి.

మొక్కకున్న రక్షణ

జంతువుల ఒంట్లో రక్తంతో పాటు తిరుగుతూ రోగకారకాలను వెతికి పట్టే కణాలు ఉంటాయి. మొక్కకు అటువంటివి లేవు. దానిలో ప్రతి కణమూ తన కాపలా తానే కాసుకోవాలి. ఆకుపై మైనపు పూత, దాని కింద గట్టి కణగోడ తొలి అడ్డంకులు. వాటిని దాటి శిలీంధ్రం లోపలికి చొరబడబోతే, కణం పైపొరలో ఉన్న గ్రాహకాలు దాన్ని గుర్తుపడతాయి. శిలీంధ్రాల కణగోడల్లో కైటిన్ అనే పదార్థం ఉంటుంది. మొక్కల్లో కైటిన్ ఉండదు. అందుకే కైటిన్ తునక ఒకటి తగిలితే చాలు, పరాయిది వచ్చిందని కణానికి తెలిసిపోతుంది.

ఆ వెంటనే పనులు వరుసగా సాగుతాయి. ఆక్సిజన్ సంబంధిత చురుకైన అణువులు పుడతాయి. చొరబాటు జరుగుతున్న చోట కణగోడ మందమవుతుంది, అక్కడ లిగ్నిన్ చేరుతుంది. శిలీంధ్రాన్ని అడ్డుకొనే ఫైటోఅలెక్సిన్లు, దాని గోడను కొరికే కైటినేజ్, గ్లూకనేజ్ ఎంజైములు తయారవుతాయి. ఒక్కోసారి తెగులు సోకిన కణం తానే చచ్చిపోయి, చుట్టూ ఉన్న కణాలకు అది పాకకుండా ఆపుతుంది.

దెబ్బ తగిలిన ఆకు మిగతా మొక్కను కూడా హెచ్చరిస్తుంది. 1961లో అమెరికా శాస్త్రవేత్త ఫ్రాంక్ రాస్ పొగాకు మొక్క కింది ఆకులకు మొజాయిక్ వైరస్ సోకించి, కొన్నాళ్ల తర్వాత పై ఆకులకూ సోకించి చూశాడు. పై ఆకుల్లో మచ్చలు తక్కువగా, చిన్నవిగా వచ్చాయి. ఒకచోట తగిలిన దెబ్బతో మొక్క మొత్తానికి వచ్చిన ఈ శక్తికి సర్వాంగ నిరోధకత అని పేరు వచ్చింది. ఇది శిలీంధ్రాల విషయంలోనూ నిజమేనని జోసెఫ్ కుచ్ 1970లలో దోస మొక్కలపై చూపించాడు. 1979లో ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్‌లో వైట్ అనే శాస్త్రవేత్త పొగాకు ఆకులకు ఆస్పిరిన్ ఎక్కించి అదే నిరోధకతను తెప్పించాడు. ఆస్పిరిన్‌కు మూలమైన సాలిసిలిక్ ఆమ్లం మొక్కల్లోనే ఉంటుంది. ఈ హెచ్చరికలో దానిదే ముఖ్య పాత్ర అని 1990లో తేలింది.

మొక్కలో ఇంకో హెచ్చరిక దారి కూడా ఉంది. దానికి జాస్మోనిక్ ఆమ్లం, ఎథిలిన్ ఆధారం. బూడిద తెగులు, తుప్పు తెగులు వంటివి బతికున్న కణాలను పట్టుకొని తింటాయి. వాటి మీద సాలిసిలిక్ దారి బాగా పనిచేస్తుంది. కణాలను ముందుగా చంపి, ఆ కుళ్లును తినే శిలీంధ్రాల మీద జాస్మోనిక్ దారి ఎక్కువగా పనిచేస్తుంది. ఒక దారి బలంగా తెరుచుకుంటే రెండోది కొంత మూసుకుపోవడం తరచుగా కనిపిస్తుంది. అన్ని తెగుళ్లకూ ఒకే కషాయం చాలకపోవడానికి ఇదొక కారణం.

పాత గ్రంథాల్లో చెట్ల వైద్యం

మొక్కకు వైద్యం చేయాలన్న ఆలోచన మన దేశంలో చాలా పాతది. ఆరో శతాబ్దం నాటి వరాహమిహిరుడి బృహత్సంహితలో చెట్ల వైద్యానికి ఒక అధ్యాయమే ఉంది. జబ్బుపడిన భాగాన్ని కత్తితో చెక్కివేసి, వాయువిడంగాలు, నెయ్యి, బురద కలిపిన ముద్ద పూసి, పాలు కలిపిన నీరు పోయాలని అందులో ఉంది. విత్తనాలను పాలలో నానబెట్టి పేడలో పొర్లించి ఆరబెట్టే విధానమూ ఉంది. సుమారు వెయ్యేళ్ల కిందటి సురపాలుడి వృక్షాయుర్వేదం ఇంకా ముందుకు వెళ్లి, చెట్ల జబ్బులను వాత, పిత్త, కఫాలుగా విడదీసి దేనికి తగ్గ చికిత్స దానికి చెప్పింది.

ఈ గ్రంథం నేటి పాఠకుల చేతికి రావడంలో తెలుగు నేలకు భాగం ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో పనిచేసిన ప్రసిద్ధ తెగుళ్ల శాస్త్రవేత్త వై.ఎల్. నేనే 1994లో సికింద్రాబాదులో ఏషియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషన్‌ను స్థాపించాడు. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో ఉన్న సురపాలుడి రాతప్రతిని తెప్పించి, నళినీ సాధలే చేత ఇంగ్లీషులోకి అనువదింపజేసి, 1996లో ఆ సంస్థ ప్రచురించింది. త్రిదోషాల లెక్క నేటి శాస్త్రానికి సరిపడకపోవచ్చు. కానీ విత్తనం దగ్గరే రక్షణ మొదలుపెట్టడం, గాయాన్ని శుభ్రం చేసి మూసివేయడం, నేలకు జీవం ఇవ్వడం అన్న మూడు పద్ధతులూ నేటికీ చెల్లుతాయి.

విత్తనం, నేల

శిలీంధ్రం చాలాసార్లు విత్తనంతోనో మట్టితోనో వస్తుంది. కాబట్టి రక్షణ కూడా అక్కడే మొదలవాలి. తెలుగు రాష్ట్రాల్లో ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు బీజామృతంతో విత్తనశుద్ధి చేస్తారు. 20 లీటర్ల నీటిలో 5 కిలోల ఆవుపేడను గుడ్డలో మూటకట్టి రాత్రంతా వేలాడదీస్తారు. వేరే నీటిలో 50 గ్రాముల సున్నం నానబెడతారు. తెల్లారి మూటను పిండి, 5 లీటర్ల ఆవు మూత్రం, సున్నపు తేట, గట్టు మీది మట్టి గుప్పెడు కలిపి విత్తనాలకు పట్టించి నీడలో ఆరబెడతారు. సున్నం, మూత్రం విత్తనం పైనున్న శిలీంధ్ర బీజాలకు ఇబ్బందిగా ఉంటాయి. పేడలోనూ మట్టిలోనూ ఉన్న సూక్ష్మజీవులు మొలక వేరు చుట్టూ ముందుగా చోటు ఆక్రమిస్తాయి.

ఆ సూక్ష్మజీవుల్లో బాగా పరిశోధన జరిగినవి రెండు. ఒకటి ట్రైకోడెర్మా. ఇదీ శిలీంధ్రమే. సాటి శిలీంధ్రాలను చుట్టుకొని తినేస్తుందని 1930ల్లో వైండ్లింగ్ చూపించాడు. అది వేరు పైపొరల్లోకి కొంత దూరం వెళ్లి స్థిరపడి, మొక్క రక్షణను కూడా తట్టి లేపుతుందని తర్వాత తెలిసింది. రెండోది సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ అనే బాక్టీరియా. ఇది వేరు చుట్టూ ఉన్న ఇనుమును తాను పట్టుకొని, రోగకారక శిలీంధ్రాలకు దక్కనివ్వదు. పైగా జాస్మోనిక్ దారిలో మొక్కను మేల్కొలుపుతుంది. వేరు దగ్గర చేరిన బాక్టీరియా ఆకు మీది తెగులును తగ్గించగలదని 1991లో వెలువడిన పరిశోధనలు చెప్పాయి.

రెండింటినీ కిలో విత్తనానికి సుమారు 10 గ్రాముల చొప్పున పట్టిస్తారు. ట్రైకోడెర్మాను నేలకు వేయాలంటే ముందుగా పశువుల ఎరువులో పెంచాలి. 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి కలిపి, 2 కిలోల ట్రైకోడెర్మా పొడి చల్లి, బెల్లం నీళ్లతో తడిపి, నీడలో కుప్పవేసి గోనె సంచులు కప్పుతారు. తేమ ఆరకుండా చూస్తే వారం పది రోజుల్లో కుప్పంతా బూజు పట్టి సిద్ధమవుతుంది. దాన్ని పదునున్న నేలలో ఆఖరి దుక్కిలో వేస్తారు. పొడి నేలలో వేస్తే శ్రమంతా వృథా. రసాయన శిలీంధ్ర నాశినితో కలిపి వేస్తే అదీ చనిపోతుంది.

ఊక బూడిదలోని బలం

వరి నేల నుంచి నత్రజని కంటే సిలికానే ఎక్కువగా తీసుకుంటుంది. వేళ్లు పీల్చిన సిలికా ఆకుల్లోకి చేరి, మైనపు పూత కింద గట్టి పొరగా నిలుస్తుంది. అగ్గి తెగులు శిలీంధ్రం తన మొలకతో ఆకును పొడిచి లోపలికి వెళుతుంది. ఆ పొర గట్టిగా ఉంటే పొడవడం కష్టం. గట్టి గోడతోనే సిలికా పని అయిపోదు. సిలికా బాగా అందిన మొక్క చొరబాటు జరిగినప్పుడు ఫైటోఅలెక్సిన్లను త్వరగా, ఎక్కువగా తయారుచేస్తుంది. దోస వంటి పంటల్లో బూడిద తెగులు మీద కూడా సిలికా ప్రభావం కనిపించింది. జపాన్‌లో 1950ల నుంచే దీన్ని వరికి ఎరువుగా గుర్తించి వేస్తున్నారు.

ఖరీదైన సిలికా ఎరువులు కొనలేని రైతుకు వరి ఊకే ఆ వనరు. ఊక బూడిదలో అధిక భాగం సిలికాయే. మరీ ఎక్కువ వేడిలో తెల్లగా కాలిన బూడిద కంటే, తక్కువ మంటలో నల్లగా మాడిన ఊకలోని సిలికా నేలలో తేలికగా కరుగుతుంది. నారుమడిలో దీన్ని చల్లితే నారు బలంగా ఉంటుంది, పీకడమూ సులువవుతుంది. గడ్డిని కాల్చకుండా పొలంలోనే కలిపితే అందులోని సిలికా మళ్లీ పైరుకే దక్కుతుంది. సాంబ మసూరిగా పేరుపడ్డ బీపీటీ 5204 వంటి అగ్గి తెగులును తట్టుకోలేని రకాలకు ఈ జాగ్రత్త మరీ అవసరం. అయితే యూరియా మోతాదు మించి వేసి, బూడిద చల్లి ప్రయోజనం లేదు. నత్రజని ఎక్కువైన ఆకు మెత్తబడి తెగులుకు దారి ఇస్తుంది.

రొయ్య పెంకులు, సముద్రపు నాచు

కైటిన్‌ను చూస్తే మొక్క మేలుకొంటుంది కదా. శిలీంధ్రం లేకుండా కైటిన్‌ను మాత్రమే చూపిస్తే? కైటోసాన్ వాడకంలోని కీలకం ఇదే. రొయ్య, పీత పెంకుల్లోని కైటిన్‌ను క్షారంతో శుద్ధి చేస్తే కైటోసాన్ వస్తుంది. దీన్ని పలుచని ఆమ్ల ద్రావణంలో కరిగించి పిచికారి చేస్తే, శిలీంధ్రం వచ్చినట్టే భావించి మొక్క రక్షణ పనులు మొదలుపెడుతుంది. ఐరోపా సమాఖ్య 2014లో కైటోసాన్ ఉప్పును మొక్కల రక్షణకు అనుమతించింది. దేశంలో రొయ్యల సాగులో ముందున్న ఆంధ్రప్రదేశ్‌కు ఈ ముడిసరుకు కొదవలేదు.

గోధుమరంగు సముద్రపు నాచులోని లామినారిన్ అనే చక్కెర పదార్థమూ ఇలాగే పనిచేస్తుంది. దాని నిర్మాణం శిలీంధ్రాల కణగోడలోని గ్లూకాన్లను పోలి ఉంటుంది.

మజ్జిగ, శొంఠి పాలు, పంచగవ్యం

పైరు మీద చల్లేవాటిలో పల్లెల్లో ఎక్కువగా వినిపించేది పుల్లటి మజ్జిగ. నాలుగైదు రోజులు పులిసిన మజ్జిగను 5, 6 లీటర్లు తీసుకొని వంద లీటర్ల నీటిలో కలిపి చల్లుతారు. దానిలోని లాక్టిక్ ఆమ్లం ఆకు ఉపరితలాన్ని శిలీంధ్ర బీజాలకు అనుకూలం కాకుండా చేస్తుంది. లాక్టిక్ బాక్టీరియా వాటితో చోటు కోసం పోటీపడుతుంది. పాల సంగతి ప్రయోగాల్లోనూ తేలింది. బ్రెజిల్‌లో వాగ్నర్ బెట్టియోల్ గుమ్మడి జాతికి చెందిన జుకినీపై, పదింట ఒక వంతు పాలు, మిగతాది నీళ్లుగా ఉండే పలుచని ద్రావణాన్ని వారం వారం చల్లి, బూడిద తెగులు గట్టిగా తగ్గిందని 1999లో ప్రకటించాడు. ఎండ తగిలినప్పుడు పాల ప్రొటీన్ల నుంచి పుట్టే చురుకైన ఆక్సిజన్ అణువులు శిలీంధ్రపు పోగులను దెబ్బతీస్తాయని ఆస్ట్రేలియా ద్రాక్షతోటల పరిశోధనలు సూచించాయి.

శొంఠి పాల కషాయానికి 200 గ్రాముల శొంఠి పొడిని 2 లీటర్ల నీటిలో వేసి సగానికి మరిగిస్తారు. 5 లీటర్ల పాలు కాచి, చల్లార్చి, మీగడ తీసి, రెండింటినీ 200 లీటర్ల నీటిలో కలిపి అదే రోజు చల్లుతారు. పేడ, మూత్రం, పాలు, పెరుగు, నెయ్యితో పులియబెట్టే పంచగవ్యాన్ని వంద లీటర్ల నీటికి 3 లీటర్ల చొప్పున వాడతారు. ఇవన్నీ మూడు పనులు కలగలిపి చేస్తాయి: శిలీంధ్రాన్ని కొంత అడ్డుకోవడం, దానికి పోటీ జీవులను నిలపడం, మొక్కను కొంత మేల్కొలపడం. ఇంట్లో పులియబెట్టినవి గనుక ఒక్కో తయారీ బలం ఒక్కోలా ఉంటుంది. ముందు నాలుగు సాళ్లకు చల్లి, ఆకు మాడలేదని చూసుకొన్నాకే పొలమంతా చల్లడం మంచిది.

అదను, మోతాదు

ఈ పద్ధతులకు ప్రాణం అదను. మేల్కొన్న మొక్క రక్షణ కూడగట్టుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. తెగులు ఆకులంతా పాకిన తర్వాత చల్లితే ఫలితం ఉండదు. రాత్రి చలి, తెల్లవారుజామున మంచు, మబ్బు పట్టిన పగళ్లు వరుసగా వస్తే అగ్గి తెగులుకు అనువైన కాలం వచ్చినట్టే. ఆ సూచనలకు ముందే చల్లాలి, కొత్త ఆకులు వచ్చేకొద్దీ మళ్లీ చల్లాలి. జీవులున్న ద్రావణాలను ఎండ తగ్గాక సాయంత్రం పూట పిచికారి చేయాలి. పాలు మాత్రం ఎండలోనే బాగా పనిచేస్తాయి.

మోతాదు కూడా అంతే ముఖ్యం. రక్షణ పనులకు మొక్క తన పిండిపదార్థాన్నీ నత్రజనినీ ఖర్చు పెడుతుంది. ఎప్పుడూ పూర్తి స్థాయిలో మేల్కొని ఉంటే పెరుగుదల తగ్గి దిగుబడి పడిపోతుంది. శాస్త్రవేత్తలు కోరుకొనేది మరో స్థితి: మొక్క మామూలుగానే పెరుగుతూ, శిలీంధ్రం తగిలిన క్షణాన మాత్రం వేగంగా స్పందించాలి. తక్కువ మోతాదు, సరైన విరామం దానికి దారి.

ఈ పద్ధతులు తెగులును తగ్గిస్తాయి కానీ తుడిచిపెట్టవు. తట్టుకొనే రకం, పంట మార్పిడి, సరైన ఎడం, నీరు నిలవని నేల, తెగులు సోకిన మోళ్ల తొలగింపు తోడైతేనే పూర్తి ఫలితం వస్తుంది. తీవ్రత చేయి దాటినప్పుడు వ్యవసాయ అధికారి సలహాతో మందు వాడక తప్పదు. అయినా వీటి విలువ తక్కువది కాదు. ఒకే మందును పదేపదే చల్లితే శిలీంధ్రం దానికి అలవాటుపడుతుంది. ఒకేసారి ఎన్నో అడ్డంకులు లేవనెత్తే మొక్కకు అలవాటుపడటం దానికి చాలా కష్టం. పిచికారీలు తగ్గితే పెట్టుబడి తగ్గుతుంది, మట్టిలోని జీవం నిలుస్తుంది, తినే గింజ మీద మందు అవశేషం తగ్గుతుంది. పేడ, మజ్జిగ, ఊక ఇంటివే కాబట్టి చిన్న రైతుకు ఈ విద్య అప్పు చేయకుండా అందుతుంది. ఎందుకు, ఎప్పుడు, ఎంత అన్న మూడూ తెలిసి వాడినప్పుడు ఇది ఏ ఆధునిక సేద్యంలోనైనా నిలబడగల శాస్త్రం.