గురక యంత్రంపై తీర్పు సరైనదేనా?

నిద్రలో గొంతు కండరాలు సడలి శ్వాసమార్గం మూసుకుపోతే రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. రక్తపోటు పెరిగి గుండెపై భారం పడుతుంది. గాలిని ఒత్తిడితో పంపి ఆ మార్గాన్ని తెరిచి ఉంచేదే సీపాప్ యంత్రం.

గుండెజబ్బో, పక్షవాతమో ఉన్న 2,717 మందితో, భారత్ సహా 7 దేశాల్లో జరిగిన 'సేవ్' పరిశోధన 2016లో వెలువడింది. యంత్రంతో పగటి మగత తగ్గింది గాని, గుండెపోటు, పక్షవాతం తగ్గలేదని తేల్చింది.

అయితే ఒక్కటి గమనించండి. యంత్రం పొందినవారు దాన్ని వాడింది రాత్రికి సగటున 3.3 గంటలే! పగలు విపరీతంగా కునికేవారిని అసలు చేర్చుకోనే లేదు. మరి సూరత్ నవాగామ్‌లో మగ్గం ముందు కునికిపాట్లు పడే తెలుగు కార్మికుడికి ఈ తీర్పు ఎలా వర్తిస్తుంది? గురక మధ్య ఊపిరి ఆగుతుంటే వైద్యుణ్ణి కలవడం మానకండి.